ఊరిగాంలో ఘానా ఆకు

ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి చేతికి పేరు తెలియని కొమ్మ ఒకటి వస్తే, ఆ మనిషి ఇంట్లో కుదురుగా కూర్చోలేదు. మదనపల్లె కాలేజీలో పనిచేసిన రోజుల్లో నా దగ్గర చదివిన లలిత ఇప్పుడు కర్ణాటక సరిహద్దులోని నంగలిలో కాపురం ఉంటూ, బళ్లో పాఠాలు చెబుతోంది. ఆ అమ్మాయి పాత వార్తాపత్రిక మడతల్లో పెట్టి పంపిన కొమ్మ భీమవరంలో మా ఇంటికి చేరింది. సన్నటి ఎర్రని కాడ, కణుపు కణుపుకీ వేళ్లు. చిన్న గుండ్రటి ఆకు, దాని మీద నూగు, మొదలు నుంచి కొసదాకా మూడు ఈనెలు. ఎండినా వెలవని గులాబీ రంగు పువ్వు ఒకటి.

రెండు రోజులు పుస్తకాలు తిరగేస్తే తేలింది. ఉష్ణమండల ఆఫ్రికాలో నేల మీద పాకే మొక్క అది. అక్కడివాళ్లు దగ్గుకీ కీళ్లనొప్పులకీ కషాయం కాచుకుంటారు. తోటల్లో నేల కనిపించకుండా కప్పడానికి కూడా పెంచుతారు. కోలారు జిల్లాలో దానికేం పని? లలితకి ఫోన్ చేశాను.

"కేజీఎఫ్‌లో, అదే పాత బంగారు గనుల కాడ, ఊరిగాం అని ఉండాది కదా మేడం, ఆడ మునెమ్మ అని ఒకామె ఇంటి ముందర ఉండాది. ముందు నేను ఆడ బళ్లో పనిచేసేటప్పుడు ఆమె పక్కింట్లోనే బాడుగకు ఉంటిని. దగ్గొస్తే కాచి ఇస్తాది. ఘానా ఆకు అంటారు అందరూ. మీరొకసారి వచ్చి చూడండి" అంది.

ఆషాఢమాసం మొదట్లో బయలుదేరాను. వారం రోజులు కూడా పట్టని ప్రయాణం. అందులో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. దాన్ని దాచకుండా రాస్తున్నాను.

నంగలి

లలిత అత్తగారు గంగులమ్మ పట్టుపురుగులు పెంచుతారు. వెళ్లిన గంటకే ఆ గది చూస్తానన్నాను. ఆవిడ గుమ్మం దగ్గరే ఆపారు.

"కాళ్లు చేతులు కడుక్కోని రాండమ్మా. సెంటు గింటు పూసుకోనుంటే మాత్రం వద్దు. పురుగుకు పడదు."

మా వైపు దేవుడి గదికి కూడా ఇంత నియమం ఉండదు. లోపల వెదురు తట్టల నిండా తెల్లటి పురుగులు మల్బరీ ఆకు తింటున్నాయి. గంగులమ్మ ఒక్కొక్క ఆకునీ వెనక్కి తిప్పి చూసి వేస్తున్నారు. ఎందుకలా అని అడిగితే, పోయిన పంటలో జరిగిన నష్టం చెప్పారు.

"పక్క చేన్లో టమోటాకు మందు కొట్టినారు. గాలికి మన ఆకు మీద పడిండాది. ఆకు చూస్తే పచ్చగా, బాగనే ఉండె. ఏసినాము. రెండు దినాల్లో సగం పురుగు సచ్చిపోయె. ఆకు తప్పు కాదు గదమ్మా, దాని మీద పడిందాని తప్పు."

మధ్యాహ్నం రాగి ముద్ద, ఉలవల సారు పెట్టారు. మా గోదావరి జిల్లాల్లో ఉలవచారంటే పెళ్లిళ్లలో చిక్కగా, మీగడతో వడ్డించే వంటకం. ఇక్కడ అది రోజూ కంచంలో ఉండేదే. పల్చగా ఉంటుంది, ఉడికిన ఉలవల్ని విడిగా తాలింపు వేస్తారు. నేను ముద్దని నములుతూ పళ్లకి అంటించుకుని అవస్థ పడుతుంటే, ఆవిడ నవ్వాపుకుని, "నమలద్దమ్మా, సారులో అద్దుకోని మింగేసేయండి" అన్నారు. మూడో ముద్దకి అలవాటైంది.

ముళబాగిలు మీదుగా

మర్నాడు ఆదివారం. లలిత నాతో బయలుదేరింది. ముళబాగిలులో దిగి దోశ తినకుండా వెళ్లడం పాపమంది. దోశ చిన్నదే, దిబ్బరొట్టె అంత మందం, పైన ఎర్ర కారం, నెయ్యి. నలభై రూపాయలు. ఆత్రంగా తుంచి నాలుక కాల్చుకున్నాను. కేజీఎఫ్‌ చేరేదాకా ఆ మంట పోలేదు.

రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక శెట్టిగారి పచారీ అంగడి ముందు ఆగాం. మూలికలు కూడా అమ్ముతారని చూసి, ఘానా ఆకు గురించి తెలుసా అని అడిగాను.

"తెలీకేమమ్మా. ఆ మునెమ్మ పుణ్యమా అని మా అంగట్లో దగ్గుకు అతిమధురం కొనేవాళ్లే లేకుండా పోయినారు. ఆమె ఊరికే ఇస్తాది, మేము దుడ్డు అడుగుతాము. ఇంగ మా దగ్గరికి ఎవురు వస్తారు?" అన్నారాయన. కోపం లేదు. నాకు మాత్రం ఒక సంగతి అర్థమైంది. ఆ కషాయం తాగేవాళ్లు ఒకరిద్దరు కాదు.

ఊరిగాం

ఊరిగాం వీధుల్లో పాత కంపెనీ బంగళాలు, చర్చీలు, వాటి వెనక కార్మికుల కోసం కట్టిన లైన్ ఇళ్లు. ఒకే గోడని పంచుకుంటూ బారుగా ఉంటాయి. వాటి వెనక తెల్లటి బూడిదరంగు కొండ. చూడగానే కొండే అనుకున్నాను. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, సైనైడుతో బంగారం తీసుకుని, మిగిలిన పిండిని అన్నేళ్లూ అక్కడే పోశారట. సైనైడు దిబ్బ అంటారు. గని మూతపడి చాలా ఏళ్లైంది. దిబ్బ అలాగే ఉంది. గాలి వీచినప్పుడల్లా దాని అంచు పొగలా లేస్తుంది. దిగిన పది నిమిషాలకే నా కళ్లద్దాలు మసకబారాయి.

ఆ తెలుపులో మునెమ్మగారి ఇంటి ముందు పచ్చటి చాప పరిచినట్టుంది. గులాబీ రంగు పూలు. ఆవిడ ఇంటి ముందే కాదు, అటు నాలుగిళ్లు, ఇటు ఆరిళ్ల దాకా ఆ తీగ పాకింది. స్నానాల నీళ్లు పోయే కాలువ వెంట ఒత్తుగా, నీళ్లందని చోట పల్చగా ఉంది. వేరే దేశపు మొక్క ఇలా అల్లుకుపోతుంటే నాబోటివాళ్లకి ముందు భయమే వేస్తుంది. కానీ మనుషులు నీళ్లు పోసినంత మేరకే ఇది బతుకుతోందని చూస్తే తెలిసింది.

మునెమ్మగారికి అరవై దాటి ఉంటాయి. భర్త మునిరత్నంగారు గనిలో లిఫ్టు నడిపే ఇంజన్ దగ్గర పనిచేసేవారు. గని మూశాక, కాంట్రాక్టు మీద ఘానా దేశం బంగారు గనికి వెళ్లి ఆరేళ్లు చేశారు.

"ఆడ మా క్వార్టర్సు చుట్టూ ఇదే తీగ. ఎర్రమట్టి లేవకుండా పట్టుకోనుంటాది. మాకు వంట చేసే ఆమె దగ్గొస్తే ఇదే కాచి ఇచ్చేది. వచ్చేటప్పుడు తడి గుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకోని తెచ్చినాను" అన్నారు మునిరత్నంగారు. ఒక్కొక్క మాటకీ మధ్య దగ్గు. దగ్గు ఆగేదాకా మునెమ్మగారు ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచారు.

అలా వేరే దేశం నుంచి మొక్కలు తేకూడదని చెప్పబోయి ఊరుకున్నాను. అక్కడ ఊరుకున్న నేను, ఆ సాయంత్రమే ఊరుకోవలసిన చోట మాట్లాడాను.

సాయంత్రానికి ఐదారుగురు ఆడవాళ్లు ఆకు కోసం వచ్చారు. ఒకామె చంకలో ఏడాది బిడ్డ. మునెమ్మగారు వంగి తలా గుప్పెడు కోసి ఇస్తున్నారు. నాకూ గ్లాసులో కషాయం పోసి ఇచ్చారు. తాగబోతూ ఒక ఆకుని వేళ్లతో నలిపాను. నూగులో తెల్లటి పిండి. వంగి మట్టి తీసి చూశాను. అదే పిండి. దిబ్బ నుంచి ఏళ్ల తరబడి వచ్చి పడిన దాంట్లోనే ఈ తీగ వేళ్లు తన్నింది.

క్లాసులో మాట్లాడే గొంతుతో అన్నాను. "ఈ ఆకు తాగకూడదు. దిబ్బ మట్టిలో ఉన్న విషాలు ఆకులోకి వచ్చి ఉండొచ్చు. చిన్నపిల్లలకి అసలు పట్టకూడదు."

అందరూ నా వైపు చూశారు. తర్వాత మునెమ్మగారి వైపు చూశారు. బిడ్డ తల్లి చేతిలో ఆకు గట్టు మీద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుంది. "నెల దినాలుగా పోస్తా ఉండాను గదక్కా" అంది మునెమ్మగారితో, చాలా మెల్లగా. మునెమ్మగారు నా చేతిలో గ్లాసు తీసుకుని కాలువలో పారబోశారు. "టీ పెడతాను, కూసోండమ్మా" అన్నారు. 

లలిత లాడ్జి దగ్గర నన్ను దించి బస్సెక్కబోతూ, "నిజమే చెప్పినారు మేడం. ఆమెతో విడిగా చెప్పుంటే బాగుండు" అంది. నా బాధ్యత నేను నెరవేర్చాననుకున్నాను.

మళ్లీ ఊరిగాం

పరీక్ష చేయించడానికి ఆకూ మట్టీ తీసుకోవాలని మర్నాడు పొద్దున్నే వెళ్లాను. గాలి జోరుగా ఉంది. లైన్ మలుపులోనే గొడుగు తిరగబడి ఊచలు విరిగాయి. దాన్ని సర్దుకుంటూ తలెత్తితే నాలుగిళ్ల ముందు పచ్చదనం లేదు. పీకేశారు. తీగంతా కాలువ పక్క కుప్పలు పోసి ఉంది. బయటపడిన మట్టి లేచి నేరుగా గుమ్మాల్లోంచి ఇళ్లలోకి పోతోంది. ఒకామె ముక్కుకి కొంగు కట్టుకుని గడప ఊడుస్తోంది. ఊడ్చినంతా మళ్లీ వస్తోంది.

"ఎందుకమ్మా పీకేశారు?" అన్నాను.

"విషమని మీరే చెప్పిరి గదమ్మా. బిడ్లు ఆడుకునే చోటు" అంది ఆమె.

 ఆ ఇళ్లకీ దిబ్బకీ మధ్య ఉన్న ఒకే ఒక్క అడ్డాన్ని, మాట పూర్తిగా చెప్పకుండా నేను తీయించేశాను.

మునెమ్మగారు తన గుమ్మంలో కూర్చుని ఉన్నారు. వాళ్ల తీగ అలాగే ఉంది.

"మాది పీకలేదమ్మా. చేతులు రాలేదు" అన్నారు. మళ్లీ తనే, "మీరు చదువుకున్నోళ్లు. చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. అయినా నాకు ముందు చెప్పల్ల. నాకు చెప్పుంటే నేనే అందరికీ చెప్పుందును. పదేండ్లుగా ఇస్తా ఉండాను. ఈ పొద్దు అందరూ నేనేదో విషం పెట్టినట్ల చూస్తా ఉండారు. ఆ బిడ్డ తల్లి పలకరించినా పలకడం లేదు."

ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. "తప్పు చేశానమ్మా" అన్నాను.  ఎప్పుడూ ఎవరి ముందూ అలా అన్న గుర్తు లేదు నాకు.

తర్వాత నంగలిలో గంగులమ్మగారు చెప్పిన సంగతి చెప్పాను. మునెమ్మగారిది రాయల్పాడు దగ్గర పల్లె. పుట్టింట్లో పట్టుపురుగులు పెంచినవాళ్లే. సగం వినేసరికే తలూపారు.

"అవునమ్మా. మా నాయన కూడా మందు పడిన ఆకు కోయనిచ్చేవాడు కాదు. అంటే ఆకు మంచిదే. ఈ నేల మీదిది తినకూడదు. అంతే గదా?"

"అంతే. నేల మీద మాత్రం ఇదే ఉండాలి. ఇది లేకపోతే ఆ మట్టంతా మీ ఊపిరిలోకే పోతుంది."

"ఈ మాట నిన్న చెప్పింటే పోయేది" అంటూ లేచారు. కొంగు బిగించి తనే ఇల్లిల్లూ తిరిగారు. అరవంలో, కన్నడంలో, తెలుగులో, ఏ ఇంటి మాట ఆ ఇంట్లో. బిడ్డ తల్లి ముందు తలుపు తీయలేదు. మునెమ్మగారు గుమ్మం దగ్గరే నిలబడి, "నాకూ తెలీదమ్మా. తెలిసింటే నీ బిడ్డకు ఇస్తానా? ఆస్పత్రికి తీసుకోని పోదాం పద, నేనూ వస్తాను" అన్నారు. తలుపు తెరుచుకుంది. ఆ మధ్యాహ్నం వాళ్లతో నేనూ వెళ్లాను. బిడ్డ బాగానే ఉన్నాడని, ఆకు మాత్రం ఆపమని డాక్టరు చెప్పాక గానీ నాకు ఊపిరాడలేదు.

మిగిలిన పగలంతా తీగ నాటాం. పీకేసిన కాడల్లో ఇంకా ప్రాణం ఉంది. కణుపు ఉన్నచోట మట్టిలో అదిమి నీళ్లు పోస్తే చాలు. మునిరత్నంగారు ముఖానికి తువ్వాలు కట్టుకుని కుర్చీలో కూర్చుని పని చెప్పారు. "రెండు కణుపులు లోపల, ఒకటి బయట. ఘానాలో అట్లనే పెడతారు." నేను పాత స్క్రూడ్రైవర్‌తో గుంటలు తీశాను. మోకాళ్లు పట్టేసి లేవలేకపోతే ఇద్దరు పట్టుకుని లేపారు. ఎవరో బేకరీ నుంచి వెన్న రాసిన బన్ను తెచ్చి అందరికీ తుంచి పెట్టారు.

మునెమ్మగారు నీళ్లకి వెళ్లినప్పుడు మునిరత్నంగారిని అడిగాను. "ఆకుతో మీకు దగ్గు తగ్గేదా?"

ఆయన కుళాయి వైపు చూసి గొంతు తగ్గించారు. "రాయల్పాడుకు పోతే తగ్గుతాదమ్మా. మళ్లా ఈడికి వస్తే మొదలు. ఆకు రెండు చోట్లా తాగినాను."

"ఆవిడకి చెప్పలేదా?"

"కాచి ఇచ్చేటప్పుడు ఆమె మొగం చూసింటే మీరూ చెప్పరు" అన్నారు.

రాయల్పాడు

మంచి మట్టిలో ఈ తీగ కొంచెం పెంచితే, కావాలన్నవాళ్లు అది కాచుకోవచ్చని మునెమ్మగారి ఆలోచన. నయం చేస్తుందని నేను చెప్పలేనన్నాను. "మీరు చెప్పొద్దులే. మన్ను మంచిదైతే చాలు" అన్నారు. అలా ఆ దంపతులూ నేనూ కాడల మూటతో శ్రీనివాసపురం మీదుగా రాయల్పాడు వెళ్లాం. అక్కడ ఆవిడ చెల్లెలు నారాయణమ్మకి మామిడితోట, నాలుగు ఆవులు.

దారి పొడవునా తోతాపురి మామిడికాయల కుప్పలు. ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చే ధర కోత కూలికి కూడా చాలదని బస్సులో ఒక రైతు చెప్పాడు. చెబుతూనే సంచిలోంచి రెండు పళ్లు తీసి నా ఒళ్లో పెట్టాడు. డబ్బులివ్వబోతే నొచ్చుకున్నాడు. మా ఊళ్లో అవే పళ్లు బేరమాడి కొంటాను.

నారాయణమ్మ వాళ్ల తోటలో, ఆవుల తొట్టి కడిగిన నీళ్లు పారే చోట చెట్టు నీడన నాటాం. నల్లగా, వేళ్ల మధ్య విరిగిపోయే మట్టి. మునెమ్మగారు దాన్ని పట్టుకుని చాలాసేపు చూశారు.

మూడోరోజు పొద్దున అందరం వరండాలో కూర్చుని ఉప్మా తింటున్నాం. నారాయణమ్మ మామూలుగానే అంది. "బావ నిన్నట్నుంచి దగ్గలేదే అక్కా. వచ్చిన దినం రెండు తూర్లు దగ్గినాడు, అంతే."

మునెమ్మగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. భర్త వైపు తిరిగారు.

"ఈడికి వచ్చినప్పుడంతా ఇంతేనా?"

ఆయన తలొంచుకున్నారు. "ఊ."

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?"

"శానా దినాలుగా."

"నాకు చెప్పలేదే."

"నువ్వు కాచి ఇస్తా ఉంటివి గదా" అన్నారాయన.

 తొట్టి దగ్గర ఆవు ఒకటి అరిస్తే నారాయణమ్మ లేచి వెళ్లింది. మునెమ్మగారు కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చారు. ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఈ గాలికాలం పోయేదాకా నువ్వు ఈడనే ఉండు" అన్నారు.

"నువ్వు?"

"నేను పోతాను. నాలుగిళ్ల ముందర నాటి వచ్చినాము. వేరు పట్టేదాకా నీళ్లు ఎవురు పోస్తారు?"

"వాళ్లు పోసుకుంటారులే."

"పీకినోళ్లమ్మా వాళ్లు" అన్నారు నన్ను చూసి. అందులో నింద లేదు, నవ్వూ లేదు. "నాలుగు దినాలు పోస్తారు, ఐదో దినం మరిచిపోతారు. నేనే ఉండల్ల."

మునిరత్నంగారు చాలా చెప్పి చూశారు. పెళ్లయ్యాక ఘానా వెళ్లిన ఆరేళ్లూ, తోట పనికని ఆయన రాయల్పాడు వచ్చే నాలుగు రోజులూ తప్ప వాళ్లు విడిగా ఉన్నది లేదట. మధ్యాహ్నం బస్సుకి మునెమ్మగారు, నేను బయలుదేరాం. ఆయన బస్టాపు దాకా వచ్చారు. బస్సు కదిలేదాకా కిటికీ కడ్డీ వదల్లేదు. ఇద్దరూ మాట్లాడుకున్నది మాత్రం బియ్యం డబ్బా గురించి, గ్యాస్ పుస్తకం ఎక్కడ పెట్టిందీ అని.

భీమవరం

ఇంటికొచ్చి, తెచ్చిన ఆకునీ మట్టినీ తెలిసిన ప్రయోగశాలలో ఇచ్చాను. మూడు వారాలకి కాగితం వచ్చింది. అందులో అంకెలు ఇక్కడ రాయను. దిబ్బ పక్క నేలలో పెరిగిన ఆకు కడుపులోకి పోకూడదని మాత్రం స్పష్టంగా తేలింది. ఈసారి ముందుగా మునెమ్మగారికే ఫోన్ చేశాను.

"అట్లనా" అన్నారు. "సరేమ్మా, మీరు కాగితం లలితమ్మకు పంపండి. తెలుగులో రాసి అందరికీ చదివి చెప్పమంటాను. పీకొద్దని కూడా దాంట్లోనే రాయమనండి."

మునిరత్నంగారు ఎలా ఉన్నారని అడిగాను. తోటలో చిన్న చిన్న పనులు చేస్తున్నారట. మనిషి తేరుకున్నారట. గాలికాలం అయ్యాక వచ్చేస్తానంటున్నారట, వద్దంటున్నారట ఈవిడ.

"ఒక్కరే ఉంటున్నారు. కష్టంగా లేదా?" అన్నాను.

ఫోన్లో గాలి హోరు వినిపించింది.

"ఉండాదమ్మా" అన్నారు. తర్వాత, "పైలైన్ ఇండ్ల ముందర కూడా నాటమని అడిగినారు. ఆ బిడ్డ తల్లి, నేను కలిసి నాటతా ఉండాము. బిందె ఆడనే పెట్టి వచ్చినాను. ఇంగ పోతానమ్మా, ఎండ ఎక్కితే వేరు పట్టదు" అని ఫోన్ పెట్టేశారు.